మంత్రిగారి జవాబులో మీ కొబ్బరికాయ ఎక్కడ?

పార్లమెంటు అనగానే మనలో చాలామందికి టి.వి.లో కనిపించే గోలే గుర్తొస్తుంది. ఒకాయన లేచి అరుస్తూ వుంటాడు, ఇంకొకాయన కాగితాలు వూపుతూ వుంటాడు, మధ్యలో స్పీకర్‌గారు కూర్చోమని బతిమాలుతూ వుంటారు. "ఎందుకొచ్చిన గొడవమ్మా, సీరియల్ పెట్టు" అని అత్తగారు అనడం, మనం చానల్ మార్చెయ్యడం మామూలే. కానీ ఆ సభలోనే ఒక గంట వుంది. ఆ గంటలో కేంద్ర మంత్రి అంతటివారు కూడా లేచి నిలబడి, అడిగినదానికి జవాబు చెప్పుకోవాలి. దాని పేరే ప్రశ్నోత్తరాల సమయం.

"వాళ్ల ప్రశ్నలూ వాళ్ల జవాబులూ మనకెందుకు?" అంటారా? మీది అంబాజీపేటో, ఆ చుట్టుపక్కల ఏ లంక గ్రామమో అయితే మీ పెరట్లో వున్న కొబ్బరిచెట్టుకీ ఆ గంటకీ సంబంధం వుంది. పిల్లల ఫీజు కొబ్బరి దింపు డబ్బులతోనే కడుతున్న ఇల్లాలికి మరీ ముఖ్యం. మీది వేరే వూరైనా సరే, పసుపో, మిర్చో, పాలో మీ ఇంటికి ఆధారమైతే ఇందులో చెప్పేదంతా మీకూ వర్తిస్తుంది. కాస్త ఓపిగ్గా చదవండి.

ఆ గంటలో ఏం జరుగుతుంది?

లోక్‌సభలో ఉదయం 11 గంటలకి మొదలై 12 దాకా ఈ కార్యక్రమం నడుస్తుంది. రాజ్యసభలో 2014 నుంచి మధ్యాహ్నం 12 గంటలకి పెడుతున్నారు. శాఖలన్నిటినీ అయిదు గుంపులుగా విడదీసి, వారంలో ఒక్కో రోజు ఒక్కో గుంపుకి కేటాయిస్తారు. అంటే ఏ మంత్రి ఏ రోజు జవాబు చెప్పాలో ముందే తెలుసన్నమాట.

ప్రశ్నల్లో ముఖ్యంగా రెండు రకాలు. నక్షత్రం గుర్తు వున్నవి, లేనివి. నక్షత్రం వున్న ప్రశ్నకి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి. ఆపైన అడిగిన సభ్యుడు రెండు అనుబంధ ప్రశ్నలు వెయ్యొచ్చు. నక్షత్రం లేనివాటికి రాతలో జవాబు వస్తుంది. లోక్‌సభలో రోజుకి 20 నక్షత్ర ప్రశ్నలు, 230 మామూలు ప్రశ్నలు తీసుకుంటారు. ఎవరి ప్రశ్న ముందో చీటీలు తీసినట్టు లాటరీలో తేలుతుంది. గంటలో ఇరవై ప్రశ్నలూ నోటితో పూర్తికావడం అరుదు. మిగిలినవాటికి రాత జవాబు ఇస్తారు. నక్షత్ర ప్రశ్నల పట్టీ ఆకుపచ్చ కాగితం మీద, మామూలు ప్రశ్నలది తెల్ల కాగితం మీద అచ్చువేసే ఆనవాయితీ వుంది.

అసలు కిటుకంతా అనుబంధ ప్రశ్నలోనే వుంది. మొదటి జవాబు అధికారులు కూర్చుని, లెక్కలు చూసుకుని తయారుచేసి ఇస్తారు. దాన్ని చదవడం ఎవరికైనా చేతనవుతుంది. కానీ దాని వెంటే వచ్చే ప్రశ్న మంత్రికి ముందుగా తెలియదు. కూర వండామని చెప్పడం వేరు, వచ్చిన చుట్టం మూత తీసి చూడడం వేరు కదూ! ఆ శాఖ తన చేతుల్లో వుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ఈ గంటని నడిపించేది స్పీకర్. ఆ కుర్చీలో మన కోనసీమ బిడ్డే కూర్చున్న సంగతి మీకు గుర్తుండే వుంటుంది. ఐ.పోలవరం మండలం యెదుర్లంకలో 1951లో పుట్టి, వకీలుగా పనిచేసి, 1991లో అమలాపురం నుంచి తొలిసారి లోక్‌సభకి వెళ్లిన జి.ఎం.సి. బాలయోగిగారు 1998 మార్చిలో స్పీకర్ అయ్యారు. ఆ పదవి చేపట్టిన మొదటి దళితుడు ఆయనే. 1999లో మళ్లీ ఎన్నికయ్యారు. ఏ ప్రశ్న పిలవాలి, ఎవరికి అనుబంధ ప్రశ్న ఇవ్వాలి, మంత్రిని ఎంతవరకు నిలదీయనివ్వాలి అన్నది దాదాపు నాలుగేళ్లపాటు ఆయన నిర్ణయించారు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయినప్పుడు కోనసీమలో పొయ్యి వెలిగించని ఇళ్లు ఎన్నో. 2019 నుంచి 2024 దాకా ఇదే అమలాపురానికి చింతా అనురాధగారు సభ్యురాలిగా వున్నారు. 2024 ఎన్నికల్లో బాలయోగిగారి కుమారుడు హరీష్ గెలిచారు. ప్రశ్న అడిగే హక్కు మన నియోజకవర్గానికి ఎప్పుడూ వుంది. అడిగించుకోవడమే మన చేతుల్లో పని.

ఒక్క ప్రశ్నకి అంత బలముందా?

వుందమ్మా. తెల్లవాళ్ల కాలంలో 1892 చట్టం వచ్చాకే శాసన మండలిలో ప్రశ్న అడిగే హక్కు మనవాళ్లకి దక్కింది. 1893లో వేసిన మొట్టమొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? దొరలు వూళ్లమీద క్యాంపులకి వచ్చినప్పుడు వాళ్లకి కావలసిన సరుకులు సమకూర్చడంలో పల్లెటూరి దుకాణదారులు పడుతున్న ఇబ్బంది గురించి! పెద్ద రాజకీయం కాదు, చిన్న కొట్టువాడి కష్టం. ఈ సంప్రదాయం మొదలైందే అలా.

స్వాతంత్ర్యం వచ్చాక 1957లో ఎల్.ఐ.సి. డబ్బు ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో పెట్టిన విషయం మీద పార్లమెంటులో ప్రశ్న వచ్చింది. మనం నెలనెలా దాచుకుని కట్టే ప్రీమియం డబ్బే అది. మొదటి జవాబుతో సభ్యులు సరిపెట్టుకోలేదు. ఫిరోజ్ గాంధీ పట్టు విడవలేదు. విచారణ జరిగింది. 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చెయ్యాల్సి వచ్చింది.

చెడ్డ ఉదాహరణ కూడా చెప్పుకోవాలి. డబ్బు పుచ్చుకుని ప్రశ్నలు అడిగారన్న ఆరోపణ రుజువై 2005 డిసెంబర్‌లో 11 మంది సభ్యుల్ని సభల నుంచి బహిష్కరించారు. ప్రశ్నకి విలువ లేకపోతే దాన్ని డబ్బిచ్చి కొనేవాళ్లు ఎందుకుంటారు చెప్పండి? కరోనా రోజుల్లో, 2020 సెప్టెంబర్ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయం ఎత్తేసి రాత జవాబులతో సరిపెట్టినప్పుడు అంత అలజడి రేగింది కూడా అందుకే.

అంబాజీపేట ధర, ఢిల్లీ ధర

ఇప్పుడు మన కొబ్బరి దగ్గరికి వద్దాం. పేపర్లో అంబాజీపేట మార్కెట్ ధరల పట్టిక చూసే వుంటారు. కొత్త కొబ్బరి అంటే ఎండబెట్టిన చిప్పలు క్వింటాలు లెక్కన. కురిడీ కాయలు వెయ్యి లెక్కన, అందులో గండేరా ఒక ధర, గటగట ఒక ధర. నీటికాయ, పచ్చికాయ మళ్లీ వెయ్యి లెక్కన. నూనె కిలో లెక్కన. ఒకే చెట్టు కాయకి ఇన్ని పేర్లు, ఇన్ని కొలతలు.

ఢిల్లీ లెక్క వేరు. అక్కడ మద్దతు ధర ప్రకటించేది ముఖ్యంగా ఎండుకొబ్బరికి. అందులో రెండే రకాలు. నూనె ఆడే కొబ్బరి ఒకటి, గుండు కొబ్బరి ఒకటి. మన కురిడీయే ఈ గుండు కొబ్బరి. రెండూ క్వింటాలు లెక్కనే. 2014 సీజన్‌కి నూనె కొబ్బరికి 5,250 రూపాయలు, గుండు కొబ్బరికి 5,500 రూపాయలు వుండేది. 2025 సీజన్‌కి అవి 11,582, 12,100 అయ్యాయి. 2026 సీజన్‌కి 12,027, 12,500 అని ప్రకటించారు. మార్కెట్ ధర అంతకన్నా పడిపోతే నాఫెడ్ లాంటి సంస్థలు ఆ ధరకి కొనాలి. వాళ్లు కొనేది కూడా తేమ లేకుండా సరిగ్గా ఎండిన కొబ్బరినే.

ఇక్కడే వుంది తిరకాసు. పచ్చికాయ దింపించి, ఆ వారమే వెయ్యి లెక్కన అమ్ముకునే ఇంటికి ఈ మద్దతు ధర నేరుగా అందదు. కాయ కొట్టి, చిప్ప ఎండబెట్టి, వర్షానికి తడవకుండా కాపాడి, నాఫెడ్ కేంద్రం తెరిచేదాకా ఆగగలిగినవాళ్లకే అందుతుంది. కురిడీకైతే కాయల్ని అటకమీద నెలల తరబడి నిలవ వుంచాలి. డబ్బు అవసరం ముంచుకొచ్చిన ఇల్లు అన్నాళ్లు ఆగగలదా?

అందుకే ప్రశ్న ఎలా అడిగారన్నది ముఖ్యం. నమూనాకి రెండు ప్రశ్నలు రాసి చూపిస్తాను.

మొదటిది: "కొబ్బరి రైతులు కష్టాల్లో వున్న సంగతి ప్రభుత్వానికి తెలుసా? తెలిస్తే ఏం చర్యలు తీసుకున్నారు?"

రెండోది: "(ఎ) గత మూడు సీజన్లలో కోనసీమ జిల్లాలో మద్దతు ధరకి కొన్న ఎండుకొబ్బరి ఎంత, కేంద్రాల వారీగా; (బి) ఒక్కో కేంద్రం తెరిచిన తేదీ, ఆనాటి అంబాజీపేట మార్కెట్ ధర ఎంత; (సి) అమ్మిన రైతులు ఎందరు, వారిలో మహిళలు ఎందరు; (డి) డబ్బు చేతికందడానికి ఎన్ని రోజులు పట్టింది; (ఇ) పచ్చికాయ అమ్ముకునే రైతుకి ఏ రక్షణ వుంది?"

మొదటిదానికి మంత్రిగారు మద్దతు ధరల పట్టిక చదివి కూర్చోవచ్చు. పదేళ్లలో రెట్టింపు పైన చేశామని చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాదు. కానీ అందులో మీ కాయ లేదు. రెండోదానికి అలా తప్పించుకోవడం కష్టం. ప్రతి ముక్కకీ ఒక అంకె చెప్పాలి, లేదా అంకె లేదని ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు కూడా మనకి పనికొచ్చేదే.

ఇంకో మాట. ధర పెరిగినప్పుడు కూడా ప్రశ్న అవసరమే. 2025లో కొబ్బరి ధర మద్దతు ధరని దాటి చాలా పైకి పోయింది. పట్నంలో వున్న మన చెల్లెళ్లు కొబ్బరి పచ్చడిలో సగం పుట్నాలపప్పు కలిపి సరిపెట్టుకున్నారు. చెట్టున్న ఇంటికి సంతోషం, చెట్టులేని ఇంటికి బెంగ. ఇద్దరిదీ న్యాయమైన ప్రశ్నే.

ఏ గుమ్మం తట్టాలి?

ప్రశ్న మంచిదైనా తప్పు మంత్రిని అడిగితే తిరిగొచ్చేస్తుంది. ఒక్క కొబ్బరికాయే ఢిల్లీలో ఎన్ని గుమ్మాలు ఎక్కుతుందో చూడండి.

చెట్టు, తెగులు, మద్దతు ధర: వ్యవసాయ శాఖ. కొచ్చిలో వున్న కొబ్బరి అభివృద్ధి బోర్డు కూడా దీని కిందకే వస్తుంది. తెల్లదోమ వచ్చి మట్టలు నల్లబడితే అడగాల్సింది ఇక్కడే. అయితే గోదావరి గంగ లాంటి సంకర రకాన్ని ఇచ్చిన మన అంబాజీపేట పరిశోధన కేంద్రం రాష్ట్ర ఉద్యాన విశ్వవిద్యాలయానిది. దాని సంగతి అసెంబ్లీలో అడిగించాలి.

పీచు, తాళ్లు, పీచు మిల్లులో పనిచేసే ఆడవాళ్ల సంగతి: కాయర్ బోర్డు. అది వ్యవసాయ శాఖది కాదు, చిన్న పరిశ్రమల శాఖది.

నూనె సీసా మీద పన్ను: ఆర్థిక శాఖ. కొబ్బరినూనె వంటకా, తలకా అన్న తగవు ఏళ్ల తరబడి నడిచి, చిన్న సీసా అయినంత మాత్రాన తలనూనె అనకూడదని 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చిందంటే చూడండి!

తోటల్లోంచి పోయే గ్యాస్ పైపులైను: పెట్రోలియం శాఖ. 2014 జూన్ 27 తెల్లవారుజామున మనకి కూతవేటులో వున్న నగరంలో పైపు పేలి ఇరవైమందికి పైగా బలైన సంగతి ఏ తల్లి మరిచిపోతుంది?

జవాబుని చదవడం ఎలా?

సంతలో కొబ్బరికాయ కొనేటప్పుడు ఏం చేస్తాం? చెవి దగ్గర పెట్టి వూపి చూస్తాం. నీళ్ల చప్పుడు లేకపోతే పక్కన పెట్టేస్తాం. మంత్రిగారి జవాబుని కూడా అలాగే వూపి చూడాలి. తరచుగా కనిపించే మాటలు ఇవీ:

"ప్రశ్న తలెత్తదు" అంటే మొదటి ముక్కకి "లేదు" అన్నారు కాబట్టి మిగతావాటికి జవాబు అక్కర్లేదని. ఇలా వచ్చిందంటే మొదటి ముక్కని "అవునా, కాదా" అని అడిగి వుంటారు. ఈసారి "ఎంత" అని అడగాలి.

"ఇది రాష్ట్ర ప్రభుత్వ విషయం" అంటే గుమ్మం మారాలని. అదే ప్రశ్నని మన ఎమ్మెల్యేగారి చేత అసెంబ్లీలో అడిగించాలి.

"నిరంతర ప్రక్రియ" అంటే తేదీ చెప్పడం ఇష్టం లేదని అర్థం చేసుకోవచ్చు.

"సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు వుంచుతాం", "పరిశీలనలో వుంది", "చూస్తాను". ఇవి వింటే మనకి వొళ్లు మండుతుంది గానీ, నిజానికి ఇవే విలువైన మాటలు. ఎందుకంటే ఇలాంటి మాట సభలో అంటే అది హామీ కిందకి వస్తుంది. 1953 నుంచి లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ వుంది. మంత్రులు ఇచ్చిన మాటలన్నీ రాసిపెట్టుకుని, మూడు నెలల్లో తీర్చారా లేదా అని వెంటపడడమే దాని పని. గడువు పెంచమని మంత్రి శాఖ కమిటీనే అడగాలి. అప్పు పుస్తకంలో రాసుకున్నట్టే!

అలాగని హామీ ఇస్తే పని అయిపోయినట్టు కాదు. బాలయోగిగారు పట్టుబట్టిన కోటిపల్లి - నర్సాపురం రైలు మార్గమే చూడండి. 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వసిష్ఠ మూడు పాయలూ దాటాలి. అప్పటి నుంచి దాని గురించి ప్రశ్నలు వస్తూనే వున్నాయి. భూసేకరణ, రాష్ట్రం వాటా, ఖర్చు పెట్టిన సొమ్ము అంటూ జవాబులూ వస్తూనే వున్నాయి. పాతికేళ్లు గడిచినా, 2025 నాటికి కూడా ఆ పట్టాల మీద రైలు అమలాపురం రాలేదు. మరి ఆ జవాబులన్నీ దండగేనా? కాదు. ఏ ఏడు ఎంత ఇచ్చారు, ఎక్కడ ఆగింది, ఎవరు ఆపారు అన్నదానికి అవే సాక్ష్యం. రేపు ఓట్లకి వచ్చినవాళ్లు "మేమే చేశాం" అంటే, పాత జవాబు తీసి చూపించవచ్చు.

మీరేం చెయ్యొచ్చు?

పార్లమెంటులో మనం నిలబడి అడగలేం. మన ఎం.పి.గారు అడగాలి. ఆయనకి ఏం అడగాలో చెప్పడం మాత్రం మన పనే.

పార్లమెంటు ఏడాదికి మూడుసార్లు, బడ్జెట్‌కి, వర్షాకాలంలో, చలికాలంలో సమావేశమవుతుంది. ప్రశ్నకి 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కాబట్టి సమావేశాలకి నెల ముందే ఉత్తరం వెయ్యండి. ఒక్కరు రాస్తే మనవి, మీ పొదుపు సంఘంలో పదిమందీ సంతకాలు పెడితే ప్రశ్న అవుతుంది.

ఉత్తరం పొడుగ్గా వద్దు. లోక్‌సభ నియమం ప్రకారం ప్రశ్న 150 మాటలు దాటకూడదు. అందులో వాదన వుండకూడదు, వెటకారం వుండకూడదు, దెప్పిపొడుపు వుండకూడదు. (మనింట్లో కూడా ఈ నియమం పెడితే ఎంత బావుణ్ణో అనిపిస్తోంది కదూ!) ఎప్పుడు, ఎక్కడ, ఎంత, ఎందరు అనే మాటలతోనే రాయండి. ఉత్తరం తెలుగులోనే రాయండి, ప్రశ్నగా మార్చి ఇవ్వడం వాళ్ల ఆఫీసు పని. సభలో తెలుగులో మాట్లాడినా అనువదించే ఏర్పాటు వుంది.

రుజువు కూడా చూపించాలి. మీరు కాయలు అమ్మిన తేదీ, లెక్క, ఇచ్చిన ధర పాల లెక్కతో పాటే కాలెండర్ మీద రాసుకోండి. ఆనాటి పేపర్లో ధరల పట్టిక కత్తిరించి ఓ కవర్లో వేసి వుంచండి. ఆరు నెలలకి మీ దగ్గరున్న లెక్క ఏ ఆఫీసులోనూ దొరకదు.

జవాబు వచ్చాక చదవండి. 1991లో ప్రశ్నోత్తరాల కార్యక్రమాన్ని దూరదర్శన్ చూపించడం మొదలుపెట్టింది. ఇప్పుడు సంసద్ టి.వి.లో నేరుగా వస్తోంది. రాత జవాబులన్నీ పార్లమెంటు వెబ్‌సైటులో ఇంగ్లీషు, హిందీల్లో వుంటాయి. ఇంటర్ చదివే పిల్ల వుంటే సెల్‌ఫోన్‌లో తీసి చదివించుకోండి. దానికి ఇంగ్లీషూ వస్తుంది, మీకు సంగతీ తెలుస్తుంది.

ఇదంతా అయ్యే పనేనా అనుకోకండి. పసుపు బోర్డు కావాలని నిజామాబాద్ రైతులు ఎన్నేళ్లు అడిగారు? వాళ్లూ, వాళ్ల సభ్యులూ అడగడం మానలేదు. 2025 జనవరిలో అక్కడే జాతీయ పసుపు బోర్డు మొదలైంది.

గుర్తుంచుకోండి

* "తెలుసా?" అని కాదు, "ఎంత?" అని అడిగించండి.
* క్వింటాలా, వెయ్యి కాయలా అన్నది స్పష్టంగా రాయండి.
* పీచుకి ఒక మంత్రి, కాయకి ఒక మంత్రి, సీసాకి ఒక మంత్రి. సరైన గుమ్మం చూసుకోండి.
* "పరిశీలనలో వుంది" అన్న తేదీ రాసిపెట్టుకుని, మూడు నెలల తర్వాత మళ్లీ ఉత్తరం వెయ్యండి.
* ఉత్తరం నకలు ఒకటి మీ దగ్గరే వుంచుకోండి.

ఈసారి దింపు అయ్యాక, షావుకారు లెక్క చెప్పినప్పుడు, ఆ అంకె పక్కనే మద్దతు ధర కూడా వేసి చూడండి. తేడా ఎంతుందో, ఎందుకుందో మీకు తట్టిన మొదటి మాటే రాయండి. మీ ప్రశ్న అదే.